అంచున బొటనవేలి నొక్కు

హన్మకొండ,
ఆదివారం.

అమ్మా, నేను బాగానే ఉన్నాను, ఫికర్ పడకు. ఫోన్లో చెబితే అత్తింట్లో వింటారని కార్డు రాస్తున్నాను.

సుబేదారి వెనక సందులో బోర్డు కూడా లేని సర్వపిండి కొట్టు ఉందని రీల్లో చూసి, నిన్న వెతుక్కుంటూ పోయాను. లోపల బెంచీ మీద ఎవరనుకున్నావు? మా మామయ్య! ఇంట్లో అత్తమ్మ ఏం చేసినా కంచం పక్కకు నెట్టే ఆయన, అక్కడ వేళ్ళు నాకుతూ తింటున్నారు. నన్ను చూసి ఉలిక్కిపడి, "మీ అత్తకు చెప్పకు బిడ్డా. ఇసొంటి సర్వపిండి ఆమెకు జన్మల రాదు" అన్నారు.

నాకూ ఒకటి తెప్పించారు. ప్లేటు దగ్గరికి లాక్కుని చూస్తే, దాని అంచున బొటనవేలి నొక్కు ఉంది. బియ్యప్పిండిలో నువ్వులు కలిపి గిన్నెకు ఒత్తి, నూనె దిగడానికి వేలితో చిల్లులు అందరూ పెడతారు. అంచున బొటనవేలితో ఒక నొక్కు నొక్కేది మాత్రం మా అత్తమ్మే. అది వాళ్ళ పుట్టింటి అలవాటు.

ఇంటికొచ్చి వంటింట్లో మెల్లగా అడిగాను. ఆమె పొయ్యి మీంచి చూపు తిప్పలేదు. "నేనే చేసి పంపుతాన్న. మీ మామకు చెప్పకు. తెలిస్తే ఆడ గూడ తినుడు బంద్ జేస్తడు" అన్నది.

నాయన మోకాలి నొప్పి ఎట్లుంది? తమ్ముడి పరీక్షలు అయ్యాయా? అవ్వకు నా దండాలు. నాయన ఇటు వస్తే కొత్త నువ్వులు పంపు. అత్తమ్మ అడిగింది. ఇంట్లోకి కాదు.

నీ బిడ్డ,
స్రవంతి