మంచి మాట అడిగితే మందుల పెట్టె

మరదలికి,

మీ అక్క చివరి రోజు సంగతి అడిగావు. పొద్దున తనే జడ వేసుకుంది. తొమ్మిదింటికి ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. తలుపు దగ్గర "ఆల్ ది బెస్ట్" అన్నాను. "ఇంట్లో గ్యాస్ కట్టేశారా?" అంది. పదకొండున్నరకు పోయింది.

అప్పటినుంచి ఆ మాట ఎవరికీ అనడం లేదు. మీ అమ్మాయి డ్రైవింగ్ టెస్టుకి అది రాసి పంపమన్నావు. నావల్ల కాదు. బదులుగా పనికొచ్చే వస్తువొకటి మీ ఆయన చేతికిచ్చి పంపుతున్నాను.

బావ

తా.క. కట్టుగుడ్డలు పైఅరలో, కత్తెర కిందిఅరలో.

---

బావగారికి,

నమస్కారాలు ఎప్పటివే, కోపం మాత్రం కొత్తది. పిల్ల స్టీరింగ్ పట్టుకోబోతుంటే మంచి మాట అడిగాను. మీరు ప్రథమ చికిత్స పెట్టె పంపారు! ఇంకా నయం, అంబులెన్స్ పంపలేదు.

మీ మరదలు

తా.క. పెట్టె మోసుకొస్తుంటే మీ తోడల్లుణ్ణి వీధిలో నలుగురు ఆపి, ఎవరికి ఏమైందని అడిగారట. "ఏం కాలేదండీ, మా అన్నయ్యగారి దీవెన" అన్నారట.

---

మరదలికి,

పొరపాటే. నొప్పించినందుకు విచారిస్తున్నాను. ఈసారి ప్రమాద బీమా కాగితాలు పంపుతున్నాను. అన్నీ నింపాను. అమ్మాయి సంతకం పెడితే చాలు.

బావ

తా.క. నామినీ గడి ఖాళీగా ఉంచాను. ఎవరి పేరు రాస్తే ఎవరు నొచ్చుకుంటారో తెలియలేదు.

---

బావగారూ,

ఇక చాలించండి. టెస్టు అమ్మాయిది కాదు, నాది. యాభై రెండేళ్లకు కారు నేర్చుకుంటోందని నవ్వుతారని దాని మీద పెట్టి చెప్పాను. రెండుసార్లు తప్పాను. రేపు మూడోది.

ఆ మాట అంటే బండి దానంతటది నడుస్తుందని నేనూ అనుకోను. మనకోసం ఒకరు బయట నిలబడ్డారని తెలిస్తే క్లచ్ మీద కాలు కాస్త నిలుస్తుంది, అంతే. అక్క ఆ ధైర్యంతోనే లోపలికి వెళ్లింది. మీరు అన్నందుకు పోలేదు.

మరదలు

తా.క. మీ తోడల్లుడూ అన్నారు. కాకపోతే కళ్లు గట్టిగా మూసుకుని అన్నారు.

---

మరదలికి,

నవ్వలేదు. రేపు అక్కడే నాకూ టెస్టు ఉంది. నా వయసు అరవై నాలుగు. కారు మీ అక్కే నడిపేది. నేను పక్కన కూర్చుని తప్పు దారి చెప్పేవాణ్ణి. ఆర్నెల్లుగా అది కదల్లేదు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకుంటున్నానని నేనూ ఎవరికీ చెప్పలేదు. మొదటి టెస్టులో అక్కడి గేటు స్తంభాన్ని గుద్దాను. దిగి స్తంభానికి సారీ చెప్పానని టెస్టు పెట్టినాయన ఇప్పటికీ అందరితో చెబుతున్నాడట.

నీది అవగానే ఇంటికి వెళ్లిపోకు. నాకూ ఒకరు చెప్పాలి.

బావ

తా.క. రేపు పొద్దున ఏడున్నరకు వచ్చి గేటు బయట నిలబడతాను. నువ్వు కారెక్కే ముందు ఆల్ ది బెస్ట్ అంటాను, నీకు వినపడేలా.