కేస్ షీట్ల మీద పద్మ చేతిరాత

2003 జూన్ 9, సోమవారం

ఈ ఉదయం కూడా అన్ని ఉదయాల్లాగే. నాలుగున్నరకు కొళాయి వచ్చింది. రెండు బిందెలు పట్టాను. స్నానం, దీపం, అమ్మవారికి రెండు గన్నేరు పూలు. పొయ్యి మీద ఇడ్లీ. పద్మ ఆసుపత్రి కోటు ఇస్త్రీ చేసుకుంది. మడతపెట్టబోతూ వాసన చూసింది. మళ్ళీ చూసింది. మూడోసారి నాకు అందించింది.

"అత్తా, చేపల వాసన వస్తోందా?"

సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఎందుకడిగావన్నాను. ఏం లేదంది. ఆరున్నర సిటీ బస్సుకు వెళ్ళిపోయింది.

తమ్ముడి కూతురు. నా దగ్గరే ఉండి డాక్టరు చదువు చదివింది, ఇప్పుడు హౌస్ సర్జన్. ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ అడగలేదు.

జూన్ 10

అడిగాను. గోడవైపు తిరిగి చెప్పింది.

కాన్పుల వార్డులో రెండు నెలల పోస్టింగు. వారమే మిగిలింది. అక్కడి ప్రొఫెసరమ్మ ఒక్క కాన్పూ చేయనివ్వలేదు. "చేపలమ్మాయ్, నువ్వు రాస్తూ ఉండు" — అంతే. కేస్ షీట్లు రాయడం దీని వంతు, కాన్పులు మిగతావాళ్ళకు. రిజర్వేషన్ సీటువాళ్ళ చేతిలో తల్లీబిడ్డల్ని పెట్టలేనని అందరి ముందూ అందట. కాన్పులు చేసినట్టు ఆవిడ సంతకం పెట్టకపోతే పోస్టింగు పూర్తి కాదు. చేతికి సర్టిఫికెట్ రాదు.

తమ్ముడికి కంకిపాడులో చేపల దుకాణం. ఆ దుకాణమే దీన్ని చదివించింది.

జూన్ 13

జపం సాగలేదు.

జూన్ 16

జాలర్ల పల్లెపాలెం నుంచి ఒకావిడ నొప్పులతో వచ్చిందట. ప్రొఫెసరమ్మ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని — మీ చుట్టాలొచ్చారు పద్మా, వాసన ముందే వచ్చింది — అందట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారట. ఆవిడ అంత నొప్పిలోనూ చీర సర్దుకుందట.

నన్నంటే పడ్డానత్తా, ఆవిడనెందుకు... అంది పద్మ. కాగితం అడిగింది. సూపరింటెండెంటు గారికి ఫిర్యాదు.

ముప్ఫై ఏళ్ళు బళ్ళో పిల్లల రాతలు దిద్దినదాన్ని. ఇందులో దిద్దడానికేం లేదు.

జూన్ 24

సూపరింటెండెంటు గారి గదిలో విచారణ. బయట బెంచీ మీద నేను. తలుపు తెరిచే ఉంది.

పద్మ డ్యూటీకే సరిగా రాదంది ప్రొఫెసరమ్మ. వచ్చానని రుజువేమిటమ్మా అన్నారు సూపరింటెండెంటు గారు. ఈ రెండు నెలల కేస్ షీట్లు తెప్పించండి సార్ — అంది పద్మ.

తెప్పించారు. ముప్ఫై ఒకటి. అన్నీ పద్మ చేతిరాతే. నొప్పులు మొదలైన టైము, బిడ్డ బరువు, కాన్పు చేసిందెవరో — అన్నీ రాసింది. చేసినవాళ్ళ పేరు దగ్గర ఒక్కదాంట్లోనూ పద్మ లేదు.

ఆయన కళ్ళజోడు తీశారు.

"రాకపోతే ఇవన్నీ ఎవరు రాశారు మేడమ్?"

అప్పుడు హెడ్ నర్సు మరియమ్మ గారు ఎవరూ అడక్కుండానే లేచారు. "వాసన మాట నేనూ విన్నానండి. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నందుకు సిగ్గుగా ఉంది."

పద్మను రెండో యూనిట్‌కు మార్చారు. పోస్టింగు అక్కడ మళ్ళీ మొదటినుంచి. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టాను.

జూలై 1

ఆడపిల్ల. రెండుముప్పావు కిలోలు. పద్మ చేతుల్లోకే వచ్చింది. తల్లీబిడ్డా క్షేమం. అన్నం కలుపుతూ తనలో తనే నవ్వుకుంటోంది. నేను చూడనట్టు పప్పు వడ్డించాను.

జూలై 6, ఆదివారం

ప్రొఫెసరమ్మ కబురు పంపింది. విచారణ నివేదిక పైకి వెళ్ళేలోపు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే పాత రెండు నెలలకూ సంతకం పెట్టేస్తుందట. లేకపోతే కొత్త పోస్టింగు పూర్తయ్యేసరికి ఆలస్యమై, ఈ ఏడు పీజీ ఎంట్రన్సుకు పద్మ సర్టిఫికెట్ అందదు.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. తీసేసుకుందాం అక్కా, పెద్దోళ్ళతో మనకెందుకు — అన్నాడు.

"చెయ్యని కాన్పులకి సంతకం నాకెందుకు నాన్నా?"

వాడు నావైపు చూశాడు. ఇంట్లో నా మాట దాటడు. దాని చదువు, అది చెప్పినట్టే — అన్నాను.

వాడు కూతురివైపు తిరిగి సరేనని తలూపాడు.

ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం లేదు. ఎంట్రన్సు వచ్చే ఏడే. ఆ మాట రేపు సూపరింటెండెంటు గారికి తమ్ముడే చెబుతాడట. చేపలోడినని ఇన్నేళ్ళూ కాలేజీ గేటు బయటే నిలబడి వెళ్ళినవాడు.

ఏమని మొదలుపెట్టాలక్కా అని ఇప్పటికి మూడుసార్లు అడిగాడు...