తమ్ముడి విమానానికి కట్టిన తోరం

1983 జూన్ 11, శనివారం. ట్రాయ్.

తమ్ముడు రాము గరాజ్‌లో నాలుగేళ్ళు కూర్చుని చేసుకున్న విమానాన్ని ఇవాళ, అలా సొంతంగా చేసుకునేవాళ్ళంతా కలిసేచోటికి ట్రెయిలర్ మీద తీసుకెళ్ళాం. అక్కడ భద్రత పాఠాలు చెప్పే పెద్దాయన సీటు కింద టార్చి వేసి, తోకను తిప్పే కేబుల్‌కున్న పసుపు తోరం అందరికీ చూపించాడు.

"ఇది పుల్లీలో ఇరుక్కుంటే మనిషి దక్కడు. ఎవరు కట్టారు?"

"నేనే," అన్నాడు రాము.

కట్టింది నేను.

కారులో వాడు, "ఏంటక్కా, ఆంజనేయస్వామికి పైలట్ లైసెన్స్ ఇప్పించావా?" అని నవ్వాడు. అప్పుడైనా చెప్పవలసింది. తోక లోపల ఇంకొకటి కట్టాను, అదింకా అక్కడే ఉంది.

రేపు పొద్దున వాడు మొదటిసారి ఎగరబోతున్నాడు. దీపం ముందు కూర్చుంటే, వాణ్ణి చల్లగా చూడమని అడగడానికి నాకు నోరు రాలేదు. వెళ్ళి వాణ్ణి లేపుతాను.