గుట్ట దారిలో ముందు నడిచే మనిషి

చిరంజీవి తమ్ముడికి,

పెద్దక్క దీవెనలు. నిన్నూ మరదలినీ పిల్లలనూ చల్లగా చూడమని రోజూ పొద్దున ప్రార్థనలో అడుగుతున్నాను. ఇక్కడ మేమిద్దరం కుశలమే అని రాసి, కాసేపు పెన్ను పక్కన పెట్టి, మళ్లీ తీశాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేస్తే పోయేదానికి వదిన ఉత్తరం ఎందుకు రాసిందని మరదలు అంటుంది. ఫోన్ మోగితే మీ బావ వచ్చి నా పక్కనే కూర్చుంటారు, స్పీకర్ పెట్టమంటారు. ఇది ఆయన పక్కన కూర్చుని చెప్పే సంగతి కాదు. ముందు నువ్వడిగినవాటికి జవాబు రాస్తాను.

సెలవులకు వచ్చినప్పుడు పిల్లలతో, మీ అత్తగారితో నడవడానికి తేలికైన దారులేవని అడిగావు. మూడున్నాయి. చెరువు చుట్టూ తిరిగేది అన్నిటికన్నా సుళువు. నేల చదునుగా ఉంటుంది, చంటిపిల్లల బండి కూడా తోసుకుపోవచ్చు. బెంచీలున్నాయి కాబట్టి మీ అత్తగారి మోకాళ్లకు భయం లేదు. ఆవిడ ప్రతి బెంచీ మీదా కూర్చుంటారు, పక్కన కూర్చున్న ప్రతివాళ్లతోనూ మాట కలుపుతారు. చీకటి పడకుండా బయల్దేరండి.

రెండోది వాగు వెంబడి పోతుంది. నీడ బాగుంటుంది. వాన పడితే చెక్క వంతెన జారుతుంది, పిల్లలకు చెప్పులు వద్దు, బూట్లు వేయించు. పెద్దవాడు నీళ్లలో దిగుతానని పేచీ పెడతాడు. దిగనీ, వాడి పిక్కలు కూడా మునగవు. ఇంకో జత మేజోళ్లు మాత్రం సంచిలో పడేసుకో.

మూడోది గుట్ట దారి. పేరుకే గుట్ట. ఆయాసపడకుండా ఎక్కవచ్చు. ఎత్తుకోమని మొండికేయకపోతే మీ చిన్నది, మన బుడంకాయ కూడా ఎక్కేస్తుంది. సగం దూరంలో దారి చీలుతుంది. ఎడమది పైకి పోతుంది, అక్కణ్నుంచి ఊరంతా కనిపిస్తుంది. కుడిది వెడల్పుగా ఉండి రమ్మని పిలుస్తున్నట్టుంటుంది గానీ, పాత రాళ్ల క్వారీ అంచుకు పోయి ఆగిపోతుంది. అక్కడ కంచె లేదు. రాళ్ల మీద మీ బావ పసుపు చుక్కలు పెట్టింది అందుకే. చుక్క ఉన్నవైపు నడిస్తే ఏ దిగులూ లేదు.

"బావ ఆదివారం నడకలు ఎలా ఉన్నాయి? పిల్లలు ఆయన వెనక మార్చింగ్ చేస్తామని ఇప్పటినుంచే ఇల్లు పీకి పందిరేస్తున్నారు" అని రాశావు. ఆ మాట దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది.

డ్రిల్లు మాస్టారుకు రిటైర్మెంటుతో బడి పోయింది గానీ డ్రిల్లు పోలేదని నువ్వే వెక్కిరించేవాడివి. నిజమే. ఊళ్లోవాళ్లు పిల్లాజెల్లాతో వచ్చే ఆ నడకల్ని కూడా ఆయన డ్రిల్లులాగే నడిపేవారు. మెడలో ఈలతో ముందు ఆయన, అందరికన్నా వెనక నేను. ఆయన్ని దాటి ఎవరూ ముందుకు పోకూడదు, నాకన్నా వెనక ఎవరూ మిగలకూడదు. అదే మా పద్ధతి. ఊరు నన్ను తోకమ్మ అని పిలుస్తుంది. నాకేం కోపం లేదు. వెనక నడిచే మనిషికి మాట్లాడే పని తక్కువ, దేవుణ్ని తలుచుకునే తీరిక ఎక్కువ.

పోయిన నెలలో ఒక ఆదివారం గుట్ట దారి పెట్టారు. చీలిక దగ్గర మీ బావ కుడివైపు తిరిగారు. వెనకే కూతుర్ని భుజాలమీద ఎక్కించుకుని వస్తున్న వడ్రంగి ఆగాడు.

"మాస్టారూ, చుక్క అటుందండీ."

"ఆ చుక్క పెట్టిందెవరు?"

"మీరే."

"మరి నాకు నువ్వు దారి చెప్తావేంట్రా?"

అందరూ నవ్వారు. "మాస్టారితో పెట్టుకోకు, గుంజీళ్లు తీయిస్తారు" అని ఒకావిడ వడ్రంగిని ఎగతాళి చేసింది. ఆ మాటలు కింద నాదాకా వినిపించాయి. బూటు తాడు ఊడిన ఒక ముసలావిడ దగ్గర నేను ఆగిపోయాను. ఆయనకు తెలియదా అనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు.

నేను క్వారీ దగ్గరికి చేరేసరికి ఆయన పిల్లల్ని వరసలో నిలబెట్టి ఉన్నారు. వాళ్ల వీపులు క్వారీవైపు. "అటెన్షన్!" అంటే గడ్డాలు ఎత్తి నిలబడుతున్నారు, నవ్వాపుకుంటున్నారు. తల్లిదండ్రులు ఎదురుగా నిలబడి ఫోటోలు తీస్తున్నారు. ఫోనులో చూసేవాళ్లకు పిల్లల మొహాలే కనిపిస్తాయి గానీ కాళ్ల వెనక ఏముందో కనిపించదు.

"వరస వంకరగా ఉంది. అందరూ ఒక అడుగు వెనక్కి!"

వేశారు. మాస్టారు చెబితే వెయ్యరా మరి?

"ఇంకొక్కటి!" అంటూ ఈల నోట్లో పెట్టుకున్నారు.

కేక వేస్తే పిల్లలు బెదిరిపోతారని నోరు నొక్కుకున్నాను. ఆయన కళ్లు చూశాను తమ్ముడూ. ఆ కళ్లముందు గుట్ట లేదు, బడి ఆటస్థలం ఉంది. ఏం అనాలో నాకు ఎవరు అందించారో ఆ పైవాడికే తెలియాలి.

"మాస్టారూ, బెల్లు కొట్టేశారండీ" అన్నాను.

ఈల తీసి నావైపు చూశారు. బడిలో ఆయాను చూసినట్టు చూశారు. "అప్పుడే కొట్టారా?"

"కొట్టారండీ. పిల్లలు ఇళ్లకు పోవాలి."

"సరే. క్లాస్, డిస్మిస్!"

పిల్లలు తల్లుల మీదికి పరిగెత్తుకొచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. మొగుడూ పెళ్లాలు ముందే అనుకుని ఆడిన నాటకం అనుకున్నారు. దిగేటప్పుడు ఆయన నా పక్కకు వచ్చి గుసగుసగా, "వీళ్లు ఏ సెక్షన్ పిల్లలే? ఒక్కడి పేరూ తట్టడం లేదు" అన్నారు.

అంతకుముందు చిన్న చిన్నవి లేకపోలేదు. వేసిన తాళమే మళ్లీ వేయడం, చెప్పిన కబురే కాఫీ తాగేలోపు మళ్లీ చెప్పడం. వయసులే అని సర్దుకున్నాను.

నా మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. ఇన్నాళ్లూ దాచింది ఇప్పుడు రాస్తున్నాను. నా మోకాలికి ఏ నొప్పీ లేదు. తోక లేకుండా బండి కదలదని ఆయన పట్టుదల. అందుకే ఆ ఆదివారం తర్వాత నడవలేకపోతున్నానని మూలిగాను. నడకలు ఆగిపోయాయి. కానీ ఆయన రోజూ సాయంత్రం నూనె వెచ్చచేసి, కింద కూర్చుని, బాగున్న నా కాలిని ఒళ్లో పెట్టుకుని మర్దనా చేస్తున్నారు. "ఇక్కడేనా? ఇంకొంచెం కిందికా?" అని అడుగుతారు. నేను "అక్కడేనండీ" అంటాను. పొద్దున ప్రార్థనకు కూర్చుంటే నాలుక మీద ఆ అబద్ధమే ఉంటోంది.

మొన్న వడ్రంగి వచ్చి మళ్లీ నడక ఎప్పుడని అడిగాడు. "మీ తోకమ్మ కాలు కుదరగానే" అన్నారు మీ బావ. అతను వెళ్లాక, నూనె చేతులు నా మోకాలి మీద ఉండగానే, జరిగిందంతా చెప్పేశాను.

మోకాలి మీంచి చేతులు తీసేశారు. తర్వాత, "ఎవరైనా పడ్డారా?" అన్నారు.

"లేదండీ."

"నిజం చెప్పు."

"దేవుడి సాక్షిగా ఎవరూ పడలేదు."

తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. ఒక్కొక్క వేలే తుడుచుకున్నారు. "ఇకమీద నన్ను ముందు నడవనివ్వకు. అరుస్తాను, అలుగుతాను. అయినా సరే వినకు. మళ్లీ నేనే వచ్చి బతిమాలినా వినకు." "అయినా నీకు అబద్ధం ఆడటం కూడా వచ్చన్నమాట" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తెల్లారి లేచి చూస్తే గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకుంటున్నారు. "ఈ ఆదివారం గుట్ట దారి పెట్టేద్దామా? కాలు ఎలా ఉందే?" రాత్రి మాటల్లో ఒక్కటీ ఆయన దగ్గర మిగల్లేదు. మళ్లీ చెబితే మళ్లీ అంతే నొప్పి పడతారు. చెప్పలేదు. "ఇంకా లాగుతోందండీ" అన్నాను.

నడకలకు వచ్చేవాళ్ల పేర్ల పట్టీ చూసే మందుల షాపావిడ దగ్గరికి ఆ రోజే వెళ్లి అంతా చెప్పాను. "ఇన్నివారాలు ఎలా దాచారు? అందులో నా పిల్లాడు కూడా ఉన్నాడు కదా" అంది. తల వంచుకుని నిలబడ్డాను. తర్వాత ఆవిడే కుర్చీ వేసింది. ఇకనుంచి ముందు ఆవిడ నడుస్తుంది. వడ్రంగి వెళ్లి చీలిక దగ్గర కుడిదారికి అడ్డంగా దుంగ బిగించి వచ్చాడు. గురువారం పెద్దాసుపత్రికి వెళుతున్నాం. నా మోకాలు చూపించడానికని మీ బావ అనుకుంటున్నారు. డాక్టరుగారు ఏమంటారో తెలియదు. మంచి మాటే చెప్పించమని నేను దేవుణ్ని అడగడం లేదు. ఏదన్నా సరే మోసే బలం ఇమ్మని అడుగుతున్నాను.

మీరు రావడం మానుకోవద్దు. పిల్లల్ని గుట్టెక్కించు. మీ బావ మధ్యలో, వాళ్లతోపాటు నడుస్తారు, వెనక నేనుంటాను. పిల్లలకు ఏమీ చెప్పకు. అటెన్షన్ అంటే నిలబడనీ, సరదాపడనీ. కానీ మనింటివాళ్లమే నడిచే ఆ రోజు నువ్వు ముందు నడవాలి. "నేనుండగా నువ్వెవడివిరా బామ్మర్దీ, పక్కకు జరుగు" అంటారు. అందరిముందూ అంటారు. అరుస్తారు కూడా. ఆ పూట నువ్వు గుర్తు పెట్టుకోవలసింది, నన్ను ముందు నడవనివ్వకు అని తువ్వాలు పట్టుకుని అడిగిన మనిషినే. నవ్వు, బావగారూ అను, ఎదురు చెప్పకు. దారి మాత్రం ఇవ్వకు.

ఇట్లు,
నీ మేలు కోరే
పెద్దక్క