పులుసు మీద నూనె

తెనాలి,
14-11-1993.

ప్రియమైన ప్రమీలకు,

హైమావతి నమస్కారాలు. రేపల్లెలో నువ్వూ, అమ్మా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. అయిదేళ్ళ తర్వాత రాస్తున్నాను. చివరిదాకా చదవకపోయినా నిన్ను తప్పుపట్టలేను.

పోయిన ఆదివారం బాపట్ల ఆసుపత్రిలో బర్నబాసుని చూశాను. ఎనభై ఎనిమిది దాకా పద్నాలుగేళ్ళు సూర్యలంక నుంచి నా కోసం పడవ వేసుకెళ్ళి, సన్నటి బట్టవలతో నీళ్ళలో తేలే ఆ నలుసంత ప్లవకాలు పట్టి, సీసాల్లో తెచ్చింది అతనే. పడవెక్కితే నాకు కడుపులో తిప్పుతుందని నీకు తెలుసుగా. మొదటి ఏడాది చోటు చూపించి, ఆ తర్వాత ఒడ్డునే ఉండిపోయాను.

మంచం మీద లేచి కూచుని, నవ్వుతూనే చెప్పాడు: "సీసా పల్చగా వస్తే మీ మొకం చిన్నబోయేదండి అమ్మగారూ. మీరు చెప్పిన చోట ఏం పడేది కాదండి. అందుకని ఏటా కాస్త కాస్త మొగ వైపు జరిగేవాణ్ణి. కాలవ నీళ్ళు కలిసే చోటు గదండీ, పచ్చగా ఉంటాయి, సీసా చిక్కగా వచ్చేది."

ఆ సీసాలు చూపించే కదా, ప్లవకాలేం తగ్గలేదని నేను వాదించింది!

ఎనభై ఎనిమిది సెమినార్లో నువ్వు అన్నది ఇప్పటికీ గుర్తుంది. ఏళ్ళ తరబడి పైనీళ్ళు వెచ్చబడితే అడుగునున్న సారం పైకి రాదనీ, ప్లవకాలు తగ్గుతాయనీ, వాటిని తినే కవ్వళ్ళ లాంటి చిన్న చేపలు చిక్కిపోతాయనీ, కవ్వళ్ళని తినే వంజరం చేపలూ కరువవుతాయనీ అన్నావు. మీ బజారులో చేపలమ్మే పున్నమ్మ మాట కూడా చెప్పావు: "ఇదివరకు కవ్వళ్ళ పులుసు మీద చేప నూనే తేలేదమ్మా. ఇప్పుడు మనం పోసుకోవాల్సొస్తంది."

నేను లేచి, "అయితే ప్రమీలగారి ప్రయోగశాల పున్నమ్మ పులుసు గిన్నెన్నమాట" అన్నాను. హాలంతా నవ్వింది. నువ్వు కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయావు. పిహెచ్‌డీ వదిలేశావు.

ఆ వెచ్చదనం కొన్నేళ్ళకోసారి వచ్చిపోయేదో, నిలిచిపోయేదో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవటానికి ఉన్న పద్నాలుగేళ్ళ లెక్క నా మొహం చిన్నబోకూడదన్న ఒక మనిషి అభిమానం వల్ల పాడైంది. ఆ సీసాల మీద రాసిన నా వ్యాసం వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకి రాశాను. నీ కాగితాలు ఉంటే మళ్ళీ తియ్యి, ప్రమీలా.

ఇట్లు,
నీ క్షమకి తగనేమోనని భయపడుతూ,
హైమ.

తా.క.: ఆదివారమే తెలిసినట్టు రాశాను. నిజం కాదు. పడవ వెళ్ళిన వేళా, వచ్చిన వేళా ప్రతిసారీ నోటుబుక్కులో రాసుకునేదాన్ని. మొదట్లో గంటన్నర, ఎనభై ఎనిమిదికి మూడు గంటలు. సెమినార్ ముందురోజు ఆ వరస చూశాను. ఎక్కడిదాకా వెళ్తున్నావని బర్నబాసుని అడగలేదు. శుభ్రప్రతిలో ఆ వేళల గడి ఒక్కటీ వదిలేశాను. లెక్క పాడైందన్నదీ పూర్తి నిజం కాదు. ఆ వేళల్ని బట్టి ఏ సీసా ఎంత దూరానిదో కట్టుకోవచ్చు. అసలు నోటుబుక్కు దీనితోపాటే రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. నువ్వు అన్నది నిజమో కాదో అందులోనే ఉంది. అప్పుడూ అందులోనే ఉంది.