పుచ్చుకునే చెయ్యి

ఆగస్టు 28, బుధవారం

డాక్టరు ఇవాళ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. కాలేజీలో బోటనీ చెబుతానని తెలుసు కాబట్టి కాబోలు, నా కిడ్నీలను చిక్కుడు గింజలతో పోల్చాడు. రెండూ ఎండిపోతున్నాయట. శీతాకాలం దాకా లాగొచ్చు. తర్వాత డయాలసిస్. లేదా ఎవరైనా ఒకటి ఇవ్వాలి.

తోబుట్టువులు ఉన్నారా అన్నాడు. ఒక అన్న ఉన్నాడన్నాను. అడిగారా అన్నాడు. అడుగుతానన్నాను. అబద్ధం.

గాడ్ అన్నయ్య బస్సు డ్రైవరు. ఆలస్యంగా పెళ్లయింది, కవల పిల్లలింకా రెండో క్లాసు. నేనడిగితే కాదనడు. కాదనలేని మనిషిని అడగడం అడగడమా, లాక్కోవడమా?

వాడికి నా జబ్బు సంగతే తెలియదు. రక్తం తక్కువగా ఉందని చెప్పాను.

సెప్టెంబర్ 3, మంగళవారం

పై వాటాలో ఉండే జొహరా నన్ను కబాలా క్లాసుకు, అదే మా యూదుల మర్మవిద్య పాఠానికి, లాక్కెళ్లింది. డెబ్బై ఏళ్ల మనిషి, మొరాకో నుంచి చంకలో పిల్లగా వచ్చిందట. ఆవిడ లాగితే ఎవరైనా వెళ్లాల్సిందే.

పుట్టి పెరిగింది సఫెద్‌లోనే అయినా నేనెప్పుడూ అటువైపు పోలేదు. మా ఊళ్లో కబాలా అంటే టూరిస్టుల బేరం. ఎర్ర దారాలు, నీలం తలుపుల ఫోటోలు, ఏ దేవదూత ఏ రోగం తగ్గిస్తాడో రాసిన పోస్టర్లు.

పాఠం చెప్పేది పెస్యా. పదిమంది పిల్లల తల్లి. తలగుడ్డ పక్కకు జారిపోతుంటుంది, సర్దుకోదు. వాళ్లింటి కింద రాతి గదిలో క్లాసు. నాలాంటి వాళ్లం అరడజను మందిమి ఉన్నాం.

మొదటి ప్రశ్న నేనే వేశాను. నలభై ఏళ్లు నిండితే గాని ఇది చదవకూడదంటారు, నిజమేనా? ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నీకా భయం అక్కర్లేదులే అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కబాలా అనే మాటకు అర్థం పుచ్చుకోవడమేనట. మంత్రాలు, మాయలు తర్వాత సంగతి, ముందు మనిషికి పుచ్చుకోవడం తెలియాలట. అదేం పెద్ద విద్య, పసిపిల్లకు కూడా వచ్చు అనుకున్నాను. పైకి అనలేదు.

సెప్టెంబర్ 6, శుక్రవారం

రేపటి సబ్బాతు విశ్రాంతి రోజు కోసమని జొహరా చేపల కూర పంపింది. తినగలిగినంత తిన్నాను. గిన్నె కడిగి, దాన్నిండా ద్రాక్షపళ్లు పోసి, గంటలోపే తిరిగిచ్చాను.

ఆవిడ గుమ్మంలో నిలబడి పళ్ల వంక చూసింది. "ప్రొఫెసరమ్మా, గిన్నె ఖాళీగా ఇస్తే నీ చెయ్యి విరుగుతుందా? నీకు పెడితే కొట్లో సరుకు అమ్మినట్టుంటుంది నాకు."

ఉత్త గిన్నె ఇవ్వకూడదని మా అమ్మ నేర్పింది అన్నాను. మీ అమ్మ వారం ఆగి ఇమ్మని కూడా నేర్పి ఉంటుంది, నువ్వు వినిపించుకుని ఉండవు అంది.

సెప్టెంబర్ 10, మంగళవారం

రెండో క్లాసు. ఇవాళంతా 'నేను' గురించే.

'నేను'ను చంపుకోవాలా అని ఎవరో అడిగారు. అక్కర్లేదంది పెస్యా. కోరిక ఒక పాత్ర లాంటిదట. పగలగొడితే దేవుడిచ్చే వెలుగు దేన్లో పడుతుంది? ఎవరి కోసం పట్టుకున్నావన్నదే లెక్క. ఆవిడ మనవరాలు ఏడాది పిల్ల, నోట్లో నానబెట్టిన బిస్కెట్టు తీసి ఆవిడ నోటికి పెడుతుందట. "నాకు ఆ బిస్కెట్టు కావాలా? అక్కర్లేదు. కానీ తినకపోతే పిల్ల ఏడుస్తుంది. తింటే దాని మొహం వెలిగిపోతుంది. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవరికి ఇచ్చినట్టు?"

నాకెందుకో పొగరొచ్చింది. ఆ లెక్కన నా అహం చాలా చిన్నది, నేను ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోలేదు, అన్నీ ఇచ్చిందాన్నే అన్నాను. ప్రశ్నలా అడిగానుగానీ అది ప్రశ్న కాదు.

పెస్యా కుర్చీ నా వైపు జరుపుకుంది. తర్వాత మెల్లగా అంది. "ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైన ఉంటుంది తిర్జా. నీకు పైన ఉండటం అలవాటైపోయింది."

ఒళ్లు మండింది. దారంతా ఆవిడకు జవాబులు తయారు చేసుకుంటూ వచ్చాను. మంచి జవాబులే. ఇంటికొచ్చేసరికి ఒక్కటీ నిలవలేదు.

సెప్టెంబర్ 13, శుక్రవారం

జొహరా గిన్నె ఖాళీగా తిరిగిచ్చాను. చెయ్యి విరగలేదు.

సెప్టెంబర్ 17, మంగళవారం

క్లాసయ్యాక అందరూ వెళ్లేదాకా కుర్చీలు సర్దుతూ ఉండిపోయాను. పెస్యాకు చెప్పేశాను, కిడ్నీల సంగతి, అన్నయ్య సంగతి. బయటి మనిషికి చెప్పడం ఇదే మొదలు.

నా వాదన నాకు గట్టిగానే ఉంది. వాడికి చిన్న పిల్లలు. వాడు కాదనలేడు. నేను అడగకపోవడం వాడి మీద ప్రేమే కదా. ఇందులో అహం ఎక్కడుంది?

ఉండకపోవచ్చు అంది. ఆ మాటకు నేను ఆశ్చర్యపోయాను. గద్దిస్తుందనుకున్నాను. కుర్చీ మీద చెయ్యి పెట్టి ఇంకొక్క మాట అంది. "అడగడం నీ పని. లేదనడం అతని పని. నువ్వు అతని పని కూడా చేసేస్తున్నావు."

నాకు కిడ్నీ దొరకాలని ప్రార్థన చేస్తారా అన్నాను. చేస్తాను, కానీ బస్సు డ్రైవరు ఫోన్ నంబరు నీ దగ్గరే ఉందని దేవుడికి తెలుసు అంది.

ఇంటికొస్తూ నవ్వుకున్నాను. ఫోన్ మాత్రం చేయలేదు.

అక్టోబర్ 2, బుధవారం

మా యూదుల కొత్త సంవత్సరం పండగ రెండు రోజులూ గాడ్ ఇంట్లోనే. యాపిల్ తేనెలో ముంచి పిల్లలు నాకు తినిపించారు. వదిన యెమీమా, పాలిపోయావేమిటని రెండుసార్లు అడిగింది. కాలేజీ పని అన్నాను. భోజనాల దగ్గర గాడ్ పక్కనే కూర్చున్నాను. చెయ్యి చాపితే అందేంత దగ్గర.

కాళ్ల వాపు పెరిగింది.

అక్టోబర్ 8, మంగళవారం, సాయంత్రం నాలుగున్నర

ఇంకాసేపట్లో ఉపవాసం మొదలవుతుంది, రాయకూడదు. గబగబా రాస్తున్నాను.

పొద్దున సందులో పెస్యా పళ్లెం నిండా తేనె కేకు ముక్కలు పట్టుకుని నిలబడింది. హసీదీలనే వాళ్ల భక్తుల శాఖ ఆచారమట. ప్రాయశ్చిత్త దినానికి ముందు రోజు ఎవరినైనా చెయ్యి చాపి కేకు అడగాలి. ఈ ఏడు నీకు అడుక్కోవాల్సిన రాత పైన రాసి ఉంటే, అది ఈ కేకు ముక్కతో తీరిపోవాలని. మేయరు దగ్గర్నుంచి చెత్త బండి వాడి దాకా వరసగా వచ్చి "కేకు ఇవ్వమ్మా" అని అడుగుతున్నారు, నవ్వుతూ తీసుకెళుతున్నారు.

నా వంతు వచ్చింది. పళ్లెం నా ముందే ఉంది. అడగందే ఇవ్వకూడదట. పెస్యా ఎదురు చూసింది. నా వెనక వాళ్లు ఎదురు చూశారు. నా నోరు పెగల్లేదు. తీపి పడదని గొణిగి పక్కకు తప్పుకున్నాను.

ఒక్క కేకు ముక్క అడగలేకపోయాను. యూనివర్సిటీలో చదివాను, ముప్ఫై మందికి గైడ్‌గా ఉన్నాను. కేకు ముక్క!

సిగ్గేసింది. ఆ సిగ్గు చల్లారేలోపే అన్నయ్య దగ్గరికి పోవాలనుకున్నాను. ఉపవాసానికని బస్సులు ఆగిపోతున్నాయి, నడిచే గాడ్ ఇంటికి వెళ్లాను. యెమీమా చారులోకి పిండి ముద్దలు చుడుతోంది. గాడ్ డ్యూటీ దిగి స్నానం చేసి బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను గుమ్మంలోంచే చెయ్యి చాపి, "కేకు పెట్టు అన్నయ్యా," అన్నాను.

వాడు నవ్వాడు. అది హసీదీల ఆచారమే, బాగ్దాద్ నుంచి వచ్చిన వాళ్లం మనకెక్కడిది, మనింట్లో కేకు ఉండదని నీకు తెలీదా అన్నాడు. నిజమే. ఆ ఆచారమే లేని ఇంట్లో అడిగాను. "కేకు లేదు. ఇంకేదైనా అడుగు."

"కిడ్నీ ఇస్తావా," అన్నాను.

యెమీమా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నేను అన్నీ చెప్పాను. లేదనొచ్చు, లేదన్నా వచ్చే శనివారం భోజనానికి వస్తాను అన్నాను. అది చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది, ఎందుకంటే మనస్ఫూర్తిగా అన్నాను.

 ఎప్పటి నుంచి అన్నాడు గాడ్. వసంతంలో పస్కా పండగ ముందు నుంచి అన్నాను. "పస్కా రాత్రి నా పక్కన కూర్చుని పాటలు పాడావు కదే." అంతే అన్నాడు. కోపం. వాడికి నా మీద అంత కోపం ఉండగలదని నాకు తెలియదు. అంత కోపం ఎక్కడ్నుంచి వస్తుందో తెలిసేసరికి కళ్లు నిండాయి.

యెమీమా చేతులు కడుక్కుని వచ్చింది. "ఆయన్ని అడిగావు. మరి నన్నడగవా? ఆయన మంచం మీదుంటే చూసుకునేది నేను. పిల్లల్ని బడికి పంపేది నేను."

ఆవిడ వైపు తిరిగి మళ్లీ అడిగాను. రెండోసారి తేలికవుతుందనుకున్నాను. అవలేదు.

ఆలోచించాలి అంది ఆవిడ. భయంగా ఉంది అంది. తర్వాత గిన్నెలో చారు పోసి నా ముందు పెట్టి, నీకు డాక్టరు ఉపవాసం వద్దనే ఉంటాడు, రేపటికి కూడా పట్టుకెళ్లు అని డబ్బా నింపింది. గాడ్ ముక్కు చీదుకుని, ఇంతకీ కుడిదా ఎడమదా, డ్రైవింగ్ సీటు బెల్టు ఎటు తగులుతుందో చూసుకోవాలి అన్నాడు. యెమీమా వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. ముగ్గురం నవ్వాం.

ఇస్తామని ఇద్దరూ అనలేదు. అయినా కొండ దిగి వస్తుంటే కాళ్లు వాటంతటవే నడిచాయి. దేవుణ్ణి నమ్ముతున్నానో లేదో ఇప్పటికీ తెలియదు. ఎవరికో మాత్రం కృతజ్ఞత చెప్పుకోవాలని ఉంది.

సూర్యుడు మెరోన్ కొండ మీదికి వాలాడు. కలం పెట్టేయాలి.

అక్టోబర్ 13, ఆదివారం

పొద్దున్నే యెమీమా ఫోన్. టెస్టుకు ఎన్నింటికి వెళ్లాలి, పరగడుపునేనా అంది. హలో కూడా అనలేదు.

నవంబర్ 14, గురువారం

గాడ్ కిడ్నీ నాకు సరిపోదట. దక్షిణాన ఎడారి ఊళ్లో నాలాగే కిడ్నీ కోసం చూస్తున్న ఒకామెకు సరిపోతుందట. ఆమె భర్తది ఆమెకు సరిపోదు, నాకు సరిపోతుంది. యెమీమా మళ్లీ ఆలోచించి, అలా మార్చుకోవడానికి సరే అంది. నలుగురికీ ఒకే ఉదయం ఆపరేషన్.

ఆమె పేరు చెప్పరు. వయసు చెప్పరు.

ఇవాళ బస్టాండులో ఒకావిడ సంచులు మోయలేక నిలబడింది. చూస్తూ ఉండిపోయాను. గాడ్ కిడ్నీ వెళ్లేది ఆమెకేనేమో.