నల్లా వచ్చే రోజున

మూసాపేట,
ఆదివారం

బిడ్డా అఖిలా,

ఆ అద్దాల మేడకు నేను బండి తోలి తోలి ముసలోణ్ణయ్యాను. అదే మేడలో నీకు ఉద్యోగమొచ్చి ఏళ్లయింది. ఒక్కనాడూ నన్ను ఏదీ అడగలేదు నువ్వు. దోస్తులతో "బాపు రిటైరయ్యిండు" అంటావే గాని, డ్రైవరని చెప్పవు. అది నా కడుపులోనే ఉంది.

పోయిన నెల అన్నం తింటూ అడిగావు. సాఫ్ట్‌వేర్ వాళ్ల క్యాబులు, ఊడ్చి తుడిచే ఆడవాళ్ల వ్యాన్లు, రెండూ ఎక్కడ ఎంతసేపు ఆగాలో ఆ లెక్కంతా నీ ప్రోగ్రాం ఒకేసారి తేలుస్తుందట. బోలెడు ఉపాయాలు పుట్టించి, మంచివాటిని కలిపి ఇంకా మంచివి పుట్టిస్తుందట. ఒకచోట గెలిచినదాన్ని రెండోచోటికి ఇస్తుందట.

"ఇచ్చింది ఎప్పుడు మేలు చేస్తదో, ఎప్పుడు ముంచుతదో ముందే చెప్పుడు పెద్ద చదువులోళ్లకే చేతనైతలేదు బాపూ. క్యాబు రెండు నిమిషాలే ఆగి పోతే మస్తు కలిసొస్తుంది. వ్యాన్లకు గూడ గదే పెట్టాల్నా?"

"బండి బండే. అడుగుడేంది? నా బండి ఎవ్వరికోసం ఆగలే," అన్నాను.

"గట్లనే పెడత తియ్," అని నవ్వావు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

అది అబద్ధం బిడ్డా. నా బండి ఆగేది. బోరబండలో నల్లా వచ్చే రోజున, నా వ్యానులో ఊడ్చే పనికి వచ్చే చంద్రమ్మ బిందెలు నింపుకుని వచ్చేదాకా, టైరు చూస్తున్నట్టు నటిస్తూ ఆపేవాణ్ణి. క్యాబు పోతే మీవాళ్లు ఇంట్లోనే కూర్చుని పని చేసుకుంటారు. వ్యాను పోతే చంద్రమ్మకు పనే పోతుంది. నీ ప్రోగ్రాముకు ఇది తెలియదు. నాకు తెలుసు. గొప్ప కోసం దాచాను.

నిన్న సంతలో చంద్రమ్మ కలిసింది. "వ్యాను ఆగుతలేదన్నా. లేటొస్తున్నవని కాంట్రాక్టరు తీసేసిండు. నువ్వున్నప్పుడే నయముండె," అంది. నా మొహం చూసి, "పాణం బాగలేదా అన్నా?" అని నన్నే అడిగింది. కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చాను. అప్పటినుంచి ముద్ద దిగడం లేదు. ఫోన్లో చెబితే "పోనీ తియ్ బాపూ" అంటావు. కాగితాన్ని నువ్వు ఊరుకోమనలేవు.

వ్యాన్లకు ఆ రెండు నిమిషాల ఉపాయం తీసెయ్. నల్లా రోజున బోరబండలో బండి ఆగాలి. చంద్రమ్మను మళ్లీ పనిలో పెట్టించు. తప్పు మా బాపుదని మీ పెద్దసారుతో చెప్పు. డ్రైవరని కూడా చెప్పు.

శుక్రవారం పొద్దుగూకేలోపు నాకు జవాబు కావాలి. రాకపోతే సోమవారం పొద్దున మీ గేటు కాడ నిలబడి, వ్యాన్లు దిగేవాళ్లందరి ముందు నేనే చెబుతాను, కొమురయ్య బండి ఆగేదని.

నీ బాపు,
కొమురయ్య, డ్రైవరు